తమ్ముడి ఫీజు ఎవరి లెక్క?

జనవరి వచ్చిందంటే ఉద్యోగం చేసేవాళ్లకి రెండు తంటాలు. సంక్రాంతికి ఊరెళ్లడానికి టికెట్ వెతుక్కోవడం ఒకటి. ఆఫీసు పోర్టల్‌లో పన్ను మినహాయింపుల రసీదులు ఎక్కించడం రెండోది. మొదటిది దొరకదు, రెండోది తెమలదు.

నేను చెప్పబోయేది 2023 జనవరిలో మొదలైంది. పొద్దున్నే ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం వెళ్తాను. ఎల్బీనగర్ మొదటి స్టేషన్ కాబట్టి సీటు దొరుకుతుంది. హైటెక్ సిటీకి ఇంత దూరంలో ఉన్నందుకు మాకు దక్కే లాభం అదొక్కటే. ఆ రోజు సీట్లో కూర్చుని, ఫోన్‌లో పోర్టల్ తెరిచి, 'ట్యూషన్ ఫీజు' అన్న చోట నొక్కాను. తమ్ముడి కాలేజీ రసీదు ఫొటో ఎక్కించాను. తర్వాత 'సంబంధం' అని ఒక గడి వచ్చింది. కుమారుడు, కుమార్తె అని రెండే ఉన్నాయి. కిందకి జరిపాను, పైకి జరిపాను. తమ్ముడు లేడు.

మా తమ్ముడు 2022లో బీటెక్‌లో చేరాడు. సాగర్ రోడ్డు వైపు కాలేజీ. కన్వీనర్ కోటాలో అనుకున్న బ్రాంచి రాకపోతే బి-కేటగిరీలో చేర్పించాం. అందులో చేరితే ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ట్యూషన్ ఫీజు ఏడాదికి 95,000. బస్సు ఫీజు, పరీక్ష ఫీజు వేరే. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో పనిచేస్తాడు. నెలకి 18,000. అమ్మ ఇంట్లో చీరలకి ఫాల్స్ కుడుతుంది. కాబట్టి ఫీజు నేనే కడుతున్నాను. ఇందులో నా గొప్పేం లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ సందులోకి వెళ్లినా నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ వైపు నుంచి పిల్లల చదువుల కోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు కనపడతాయి. పెద్ద పిల్లకో, పెద్ద పిల్లాడికో ఉద్యోగం వచ్చిన రోజు నుంచీ చిన్నవాళ్ల ఫీజు ఆ జీతం మీదకి వచ్చేస్తుంది. ఎవరూ కూర్చుని నిర్ణయించరు. అలా జరిగిపోతుందంతే.

ఆఫీసులో పక్క సీటు అమ్మాయిని అడిగాను. "కుమారుడు అని పెట్టెయ్. ఇంటిపేరు ఒకటే కదా, ఎవరు చూస్తారు?" అంది. నవ్వాను. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, జిరాక్స్ షాపు పైన 'ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్స్ వేయబడును' అని బోర్డు ఉన్న గదికి వెళ్లాను. అక్కడాయన కూడా అదే మాట అన్నాడు. కాకపోతే గౌరవంగా, "మేడం, చాలామంది అట్లనే చేస్తరు" అన్నాడు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఆ ఏడాది నా జీతం 9,60,000. పాత పద్ధతిలో ఉన్నాను. 80సి కింద లక్షన్నర దాకా మినహాయింపు. అందులో నా పీఎఫ్ 72,000 పోను 78,000 ఖాళీ ఉంది. తమ్ముడి ఫీజుతో ఆ ఖాళీ నిండుతుంది. నాకు పడే 20 శాతం స్లాబులో, సెస్సుతో కలిపి మిగిలేది 16,224 రూపాయలు. నాన్న జీతానికి ఇంచుమించు ఒక నెల. ఒక గడిలో ఒక్క మాట మారిస్తే చాలు.

అప్పుడే నాన్న షాపు నుంచి వచ్చాడు. అన్నం తింటూ అడిగాడు. "ఆ కాలేజీ రసీదు నీకేమన్న పనికొస్తదా బిడ్డా? మా షాపుల ఒకాయన చెప్పిండు, ట్యాక్సుల తగ్గుతదంట."

"నాకు రాదు నాన్నా. నువ్వు కడితే నీకు వస్తుంది."

"నాకు ట్యాక్సే లేదు గద."

"అందుకే, నీకూ ఉపయోగం లేదు."

కాసేపు పళ్లెంలోకి చూసి అన్నాడు. "రసీదు మీద పేరు నాది, పైసలు నీయి. ఇద్దరికీ పనికిరాకుండ పాయె."

ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. ఆ వారమంతా చట్టం చదివాను. మీలో చాలామందికి ఇదే ప్రశ్న ఉంటుంది. అందుకే నాకు అర్థమైంది వరుసగా చెబుతాను.

చట్టంలో ఉన్న కుటుంబం

ముందు ఒక అపోహ తీసేద్దాం. 'కాలేజీ చదివే పిల్లవాడు నా డిపెండెంట్, కాబట్టి నా పన్ను తగ్గాలి' అనే సాధారణ నియమం మన దేశంలో లేదు. ఇంట్లో ఎంతమందిని పోషిస్తున్నావని మన ఆదాయపు పన్ను చట్టం అడగదు. ఏ ఖర్చు పెట్టావు, ఎవరి కోసం పెట్టావు అని అడుగుతుంది. ఒక్కో ఖర్చుకి ఒక్కో సెక్షన్. ఒక్కో సెక్షన్‌లో 'కుటుంబం' ఒక్కో రకం.

ఫీజు సంగతి 80సిలో ఉంది. అందులో అసలు డిపెండెంట్ అన్న మాటే లేదు. 'ఆ వ్యక్తి పిల్లలు, ఏ ఇద్దరైనా' అని ఉంది. అంటే తండ్రి కడితే తండ్రికి, తల్లి కడితే తల్లికి. పిల్లవాడికి 18 నిండినా, 22 వచ్చినా తేడా లేదు. పూర్తికాలపు చదువై ఉండాలి, విద్యాసంస్థ మన దేశంలో ఉండాలి. భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగస్తులైతే, ఎవరు కట్టిన ఫీజు వాళ్లు, ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల దాకా చూపించుకోవచ్చు. అన్న, అక్క, మామయ్య, తాతయ్య ఎవరు కట్టినా వాళ్లకి రాదు. హిందూ ఉమ్మడి కుటుంబం పేరు మీద వేరే పాన్ ఉన్నా, దాని కిందా ఫీజు చూపించడానికి వీల్లేదు.

ఇంకో మాట. ట్యూషన్ ఫీజు మాత్రమే లెక్క. డెవలప్‌మెంట్ ఫీజు, డొనేషన్, బస్సు, హాస్టల్ కుదరవు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండి ఈ మాట చెప్పకపోతే తప్పవుతుంది: కోచింగ్ సెంటర్ ఫీజుని పూర్తికాలపు చదువు కింద లెక్కేయరు. గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో కొడుకుని చేర్పించి కట్టిన వేల రూపాయలకి 80సిలో చోటు లేదు.

చదువు అప్పు మీద వడ్డీ 80ఈలో ఉంది. ఇది కాస్త పెద్ద మనసున్న సెక్షన్. వడ్డీ ఎంతైనా, పరిమితి లేకుండా, కట్టడం మొదలైన ఏడాది నుంచి మొత్తం ఎనిమిదేళ్ల పాటు తగ్గించుకోవచ్చు. అసలుకి మాత్రం వర్తించదు. అప్పు బ్యాంకు లాంటి గుర్తింపు ఉన్న సంస్థ నుంచి తీసుకుని ఉండాలి. బాబాయి దగ్గర తెచ్చింది పనికిరాదు. ఒకప్పుడు ఈ సెక్షన్ సొంత చదువుకే ఉండేది. 2007 ఫైనాన్స్ చట్టంతో జీవిత భాగస్వామి, పిల్లలు చేరారు. ఆ తర్వాత 'ఎవరికైతే చట్టబద్ధ సంరక్షకులుగా ఉన్నామో ఆ విద్యార్థి' కూడా చేరాడు. ఇక్కడ కొంతమంది ఆశపడతారు. హాస్టల్ ఫారంలో 'లోకల్ గార్డియన్' అని సంతకం పెట్టాం కదా అని. ఆ గార్డియన్ వేరు, చట్టం చెప్పే గార్డియన్ వేరు. అమ్మానాన్నలు ఉండి, 18 దాటిన తమ్ముడికి అక్క సంరక్షకురాలు కాదు.

ఆరోగ్య బీమా ప్రీమియం 80డిలో ఉంది. జీవిత భాగస్వామి, ఆధారపడిన పిల్లలు, తల్లిదండ్రులు. ఇక్కడా తోబుట్టువులు లేరు.

ఇంతవరకూ చదివాక నాకు అనిపించింది ఏమిటంటే, చట్టం ఒక ఇల్లు గీసుకుంది. అందులో డబ్బు పైనుంచి కిందకి, అమ్మానాన్నల నుంచి పిల్లలకే నడుస్తుంది. తిరిగి పైకి, అంటే పిల్లల నుంచి తల్లిదండ్రులకి నడిస్తే బీమా దగ్గర కాస్త ఒప్పుకుంటుంది. అడ్డంగా నడిస్తే, అంటే అక్క నుంచి తమ్ముడికి నడిస్తే, దానికి గడి లేదు.

తమ్ముడు కనపడే చోట్లు

అలాగని చట్టానికి తమ్ముడంటే ఎవరో తెలియదా అంటే, తెలుసు. నన్ను ఆశ్చర్యపరిచింది అదే.

80డిడి అని ఒక సెక్షన్ ఉంది. వైకల్యం ఉన్న కుటుంబ సభ్యుణ్ని పోషిస్తే ఏడాదికి 75,000, వైకల్యం 80 శాతం, ఆ పైన ఉంటే 1,25,000 మినహాయింపు. 80డిడిబి ఇంకొకటి. కేన్సర్, కిడ్నీ వైఫల్యం, తలసీమియా లాంటి జబ్బుల వైద్యానికి. ఈ రెండింటిలోనూ డిపెండెంట్ ఎవరో స్పష్టంగా రాశారు. జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ముఖ్యంగా మన మీదే ఆధారపడి ఉండాలి, అంతే.

అంటే మా తమ్ముడు మంచం పడితే నా డిపెండెంట్ అవుతాడు. లేచి కాలేజీకి వెళ్తే కాడు.

బహుమతుల దగ్గర కూడా తమ్ముడు తమ్ముడే. నేను వాడికి ఎంత డబ్బిచ్చినా వాడికి పన్ను లేదు, ఎందుకంటే 'బంధువు' నిర్వచనంలో తోబుట్టువులు ఉన్నారు. ఆ డబ్బుని వాడు బ్యాంకులో వేసుకుంటే వచ్చే వడ్డీ వాడి ఆదాయమే, నాకు కలపరు. వాడికి ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ వస్తే అదీ వాడి లెక్కే. 18 నిండిన ప్రతివాళ్లూ పన్ను దృష్టిలో వేరే మనిషి. ఇంట్లో తింటున్నాడా, హాస్టల్లో ఉన్నాడా, ఫీజు ఎవరు కడుతున్నారు అన్నది అనవసరం. స్టైపెండ్‌లో టీడీఎస్ కోసి ఉంటే వాడే సొంతంగా రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. చాలామంది పిల్లలు 'నేను డిపెండెంట్‌ని కదా' అనుకుని ఆ డబ్బు వదిలేస్తారు. వదలకండి.

న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఉంది కదా, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలన్నది. 2019లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం అక్కడ కుటుంబం అంటే దరఖాస్తు చేసినవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు, 18 ఏళ్ల లోపు తోబుట్టువులు, ఇంకా పెళ్లయి ఉంటే జీవిత భాగస్వామి, చిన్న పిల్లలు. ఉద్యోగం చేసే అక్క అందులో లేదు. అక్క జీతం పది లక్షలైనా తమ్ముడి సర్టిఫికెట్‌కి అడ్డం రాదు. అంటే ఆదాయం లెక్కేసే రోజున నన్ను బయట ఉంచిన సర్కారు, ఖర్చు లెక్కేసే రోజున కూడా బయటే ఉంచింది. ఒకచోట లాభం తీసుకుని ఇంకోచోట ఏడవడం ఏం బాగుంటుంది అని ఎవరైనా అడిగితే, అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే సర్టిఫికెట్ తీసుకునే ఇల్లూ, ఫీజు కట్టి పన్ను కట్టే ఇల్లూ ప్రతిసారీ ఒకటే కావు.

అమెరికాలో అయితే

నాతో చదివిన ఒకడు టెక్సాస్‌లో ఉన్నాడు. ఫోన్‌లో ఈ గోలంతా చెబితే, "ఇక్కడైతే తమ్ముణ్ని డిపెండెంట్‌గా వేసుకోవచ్చు తెలుసా?" అన్నాడు. నమ్మకం కలగక చూశాను. నిజమే. అక్కడ పన్ను చట్టంలో డిపెండెంట్ అన్నది చాలా పెద్ద మాట. 'క్వాలిఫయింగ్ చైల్డ్' అన్నదాంట్లో సొంత పిల్లలతో పాటు తోబుట్టువులూ వస్తారు. తమ్ముడు మనకన్నా చిన్నవాడై ఉండాలి. 19 ఏళ్ల లోపు, పూర్తికాలపు విద్యార్థి అయితే 24 లోపు. ఏడాదిలో సగానికి పైగా మనతో ఉండాలి, చదువు కోసం హాస్టల్లో ఉన్నా ఇంట్లో ఉన్నట్టే లెక్క. తన ఖర్చులో సగానికి మించి తనే భరిస్తూ ఉండకూడదు.

ఇది విని ఇక్కడి నుంచి తమ్ముణ్ని ఎమ్మెస్‌కి పంపి, అక్కడున్న అన్న రిటర్న్‌లో వేసేద్దాం అనుకోకండి. తోబుట్టువు అమెరికా పౌరుడో, పన్ను లెక్కల్లో అక్కడి రెసిడెంటో అయి ఉండాలి. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థి మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆ లెక్కలోకి రాడు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉన్న తమ్ముడైతే అసలే రాడు.

లాభం కూడా బ్రహ్మాండమేం కాదు. కాలేజీ వయసు డిపెండెంట్‌కి మామూలుగా దక్కే పన్ను తగ్గింపు 500 డాలర్లు. నాకు వింతగా అనిపించింది డబ్బు కాదు. అమెరికా వాళ్లకి ఎవరి బతుకు వాళ్లదే, మనది ఉమ్మడి కుటుంబం అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. తీరా ఫారాలు రెండూ పక్కన పెట్టి చూస్తే, తమ్ముడి పేరు రాసుకునే గడి వాళ్ల ఫారంలో ఉంది.

ఆ 16,224

నేను కుమారుడు అని పెట్టలేదు. నీతిమంతురాలినని చెప్పుకోవడం లేదు. రెండు రోజులు ఆ గడి వైపు చూస్తూనే ఉన్నాను. మనం ఆఫీసుకి ఇచ్చే 12బిబి ఫారం కింద 'పై వివరాలు సంపూర్ణం, సత్యం' అని ధ్రువీకరించి సంతకం పెడతాం. తప్పుడు వివరాలతో ఆదాయం తక్కువ చూపించినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకి రెండింతలు జరిమానా. నా లెక్కలో 32,448. అసలు పన్ను, వడ్డీ వేరే. 'చాలామంది అట్లనే చేస్తరు' అన్న మాటకి 2025 జూలైలో జవాబు కూడా వచ్చింది. ఆ నెల 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది. బోగస్ మినహాయింపులతో రిటర్న్‌లు వేసిపెట్టే వాళ్ల మీద. అంతకు ముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40,000 మంది తమ తప్పుడు క్లెయిములు, మొత్తం 1,045 కోట్లు, స్వయంగా వెనక్కి తీసుకున్నారని ప్రకటించింది.

మీరెవరైనా ఇప్పటికే అలా చేసి ఉంటే, సరిదిద్దుకునే దారి ఉంది. అప్‌డేటెడ్ రిటర్న్ వేయడానికి ఇప్పుడు అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల దాకా గడువు ఉంది. మొదటి ఏడాదిలో అయితే అదనంగా 25 శాతం, రెండో ఏడాదిలో 50, మూడో ఏడాదిలో 60, నాలుగో ఏడాదిలో 70. నోటీసు వచ్చేదాకా ఆగడం కంటే ఇది చవక.

సరే, ఇంత ఆలోచించి వదులుకున్న ఆ మినహాయింపు తర్వాత ఏమైందో వినండి. కొత్త పన్ను పద్ధతి ముందుకొచ్చింది. 2023-24 నుంచి మనం ఏమీ ఎంచుకోకపోతే అదే వర్తిస్తుంది. అందులో 80సి లేదు, 80ఈ లేదు, 80డి లేదు. జబ్బు పడ్డ తమ్ముడి కోసం ఉన్న సెక్షన్లూ లేవు. స్లాబు రేట్లు మాత్రం తక్కువ. 2025-26కి ఉద్యోగస్తుడికి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుని 12,75,000 దాకా పన్ను పడదు. ఇప్పుడు నా జీతం 12,60,000. ఈ ఏడాది నాకు పన్ను సున్నా. మూడేళ్ల కింద నన్ను నిద్రపోనివ్వని గడి, ఇప్పుడు పోర్టల్‌లో తెరుచుకోను కూడా తెరుచుకోదు.

ఒకరకంగా సమానత్వం వచ్చింది. పాత పద్ధతిలో తండ్రికి ఉండి అక్కకి లేనిది, కొత్త పద్ధతిలో తండ్రికీ లేదు. కాకపోతే ఇంటి అద్దె, హోమ్‌లోన్ ఎక్కువ ఉన్నవాళ్లు ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నారు. వాళ్లకి ఈ లెక్కలన్నీ ఇంకా అవసరమే. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది. సెక్షన్ల నంబర్లు మారతాయి. ఫీజు దగ్గర 'పిల్లలు' అన్నది పిల్లలుగానే ఉంది.

లోన్ ఎవరి పేరు మీద?

పన్ను సున్నా అయినా, అప్పు సున్నా కాలేదు. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

2024లో తమ్ముడి మూడో ఏడాది ముందు మాకు డబ్బు సర్దుబాటు కాలేదు. మిగతా రెండేళ్లకి 2 లక్షలు చదువు అప్పు తీసుకుందామనుకున్నాం. 4 లక్షల దాకా మామూలుగా ఆస్తి తాకట్టు అడగరు, ఇంట్లో ఒకరు కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టాలి. బ్యాంకులో అడిగింది ఒక్కటే ప్రశ్న. "జీతం ఎవరికి ఉంది?"

నా పేరు మీద పర్సనల్ లోన్ తీసుకోవడం తేలిక. ఆఫీసు యాప్‌లో పది నిమిషాల పని. చాలామంది అక్కలూ అన్నలూ చేసేది అదే. కానీ అలా తీసుకుంటే వడ్డీ ఎక్కువ, వెంటనే కట్టడం మొదలు, 80ఈ ఎవరికీ రాదు. విద్యార్థి పేరు మీద చదువు అప్పు తీసుకుంటే చదువైన ఏడాది తర్వాత దాకా సాధారణంగా గడువు ఉంటుంది. రేపు వాడు సంపాదించి వాడే కడితే, పాత పద్ధతిలో ఉంటే, వడ్డీ మినహాయింపు వాడిది. ఎందుకంటే అది వాడి సొంత చదువు. నేను కడితే ఎవరికీ రాదు. కొత్తగా చేరే ఉద్యోగంలో వాడికి పన్నే పడకపోవచ్చు, ఆ మినహాయింపు అక్కరకే రాకపోవచ్చు. అయినా హక్కు ఎవరికి ఉందో వాళ్ల పేరు మీదే కాగితం ఉండాలి.

ఇది చెప్పడానికి నాకు నోరు రాలేదు. చిన్నవాడి నెత్తిన అప్పు పెడుతున్నట్టు అనిపించింది. వాడే అన్నాడు. "నా పేరు మీదనే పెట్టక్కా. లేకపోతే నువ్వు ఎప్పటికీ లెక్క చెప్పవు."

కో-అప్లికెంట్‌గా నేను సంతకం పెట్టాను. అది కూడా తెలిసి పెట్టాలి. మినహాయింపు దగ్గర అక్క చట్టానికి కనపడదు గానీ, వాయిదా తప్పితే బ్యాంకుకి బాగా కనపడుతుంది. వాడు కట్టకపోతే నా సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. పోయిన ఏడాది నాకొక సంబంధం వచ్చింది. మాటల్లో అబ్బాయి వాళ్లమ్మగారు అడిగారు. "తమ్ముడి చదువు ఇంకా ఎన్నాళ్లమ్మా? అప్పులో నీ సంతకం ఉందా?" అమ్మకి కోపం వచ్చింది. నాకు రాలేదు. అడగాల్సిన ప్రశ్నే అది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఎంత అప్పు, ఎవరి పేరు, ఎప్పటి నుంచి వాయిదాలు, నా బాధ్యత ఎంత అన్నది ఒక కాగితం మీద రాసుకుని ఉండబట్టి తడబడకుండా చెప్పగలిగాను. ఆ సంబంధం కుదరలేదు, అది వేరే సంగతి. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు చిన్నవాళ్లకి కడుతుంటే, ఈ నాలుగు విషయాలూ ఒక చోట రాసి పెట్టుకోండి. ప్రేమ తగ్గదు. గొడవలు తగ్గుతాయి.

చట్టాన్ని నేను అడిగేది పెద్ద కోరిక కాదు. తమ్ముడికి కేన్సర్ వస్తే డిపెండెంట్ అని రాసిన చేత్తోనే, బీటెక్ చదివితే కూడా డిపెండెంట్ అని రాయొచ్చు. 80ఈలో జీవిత భాగస్వామి, పిల్లలు అన్న చోట తోబుట్టువులు అన్న ఒక్క మాట చేర్చితే చాలు. వడ్డీ నిజంగా కట్టినట్టు బ్యాంకు కాగితం ఉంటుంది కాబట్టి దొంగ లెక్కలకి తావూ తక్కువ.

ఈ జనవరిలో తమ్ముడి ఆఖరి ఏడాది రసీదు వచ్చింది. పోర్టల్‌లో ఎక్కించే పని లేదు. అయినా నాన్న అలవాటుగా పాత ప్లాస్టిక్ ఫైలు తీసి, దాన్ని మిగతా రసీదుల కింద పెడుతున్నాడు. ఇది ఎవరికీ పనికిరాదు నాన్నా అని అనబోయి, ఫైలు తీసుకుని చూశాను. ప్రతి రసీదు వెనకా, షాపులో చీరల పద్దు రాసే చేతిరాతతో పెన్సిల్ రాత ఉంది. తేదీ, మొత్తం, కింద 'పెద్దబిడ్డ కట్టింది'. లోన్‌తో కట్టిన వాటి మీద 'చిన్నోని లోను, పెద్దబిడ్డ సంతకం'.

"ఇదెందుకు నాన్నా?" అన్నాను.

"ఎవరు కట్టిన్రో రాసి పెట్టాలె గద" అన్నాడు, ఫైలు తీసుకుని రబ్బరు బ్యాండు వేస్తూ.